పాత్ర మొక్కితే ఆటగాడు మొక్కినట్టేనా?

గత రంజాన్‌కు కొద్ది రోజుల ముందు, ఒక రాత్రి మా చెల్లెలు ఫోన్ చేసింది. గొంతులో కంగారు. "భాయీజాన్, వీడు కంప్యూటర్‌లో ఏదో గుడిలో తిరుగుతున్నాడు. స్నేహితుడితో ఎవరెవరో దేవతల పేర్లు మాట్లాడుతున్నాడు. మీరొకసారి వచ్చి వాడితో మాట్లాడండి" అంది. మేనల్లుడు ఇంటర్ చదువుతున్నాడు. నమాజు విషయంలో ఎవరూ గుర్తు చేయనక్కరలేని పిల్లవాడు. మర్నాడు అస్ర్ తర్వాత వెళ్లి, అతని పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. మందలించే ముందు అసలు విషయం చూడాలనుకున్నాను. ఆ సాయంత్రం చూసినదీ, ఆ తర్వాత ఆలోచించినదీ పాఠకులతో పంచుకోవడం అవసరమని తోచింది. ఇలాంటి ఫోన్లు నేడు అనేక ముస్లిం ఇళ్ల నుంచి వెళుతూనే ఉంటాయి.

అతడు ఆడుతున్న ఆట పేరు స్కైరిమ్. అమెరికాకు చెందిన బెథెస్డా సంస్థ 2011 నవంబరులో దీన్ని విడుదల చేసింది. అందులోనిదంతా కల్పిత లోకం. ఆటగాడు పది జాతుల్లో ఒకదాన్ని ఎంచుకుని, తన పాత్రకు పేరు పెట్టుకుని, ఆ లోకంలో ఇష్టం వచ్చినట్టు సంచరిస్తాడు. అక్కడ తొమ్మిది మంది దేవతలు, వారికి పీఠాలు, పూజారులు ఉన్నారు. పీఠం ముందు నిలిచి ఒక బటన్ నొక్కితే పాత్రకు సోకిన రోగాలు నయమవుతాయి, కొన్ని గంటలపాటు ఒక వరం తోడుంటుంది. కొందరు ఆటగాళ్లు అంతటితో ఆగరు. తమ పాత్ర ఫలానా దేవతను నమ్ముతుందని ఊహించుకుని, ఆ నమ్మకానికి తగిన నియమాలతో ఆటంతా నడుపుతారు.

"నువ్వు ఆ బటన్ నొక్కుతావా?" అని అడిగాను.

"నొక్కను మామూ. రోగం వస్తే మందు తాగిస్తాను. ఆటలో మందు సీసాలు కూడా దొరుకుతాయి" అన్నాడు. "గుడిలోకి వెళ్లాల్సి వస్తుంది, కథ అక్కడికి తీసుకెళ్తుంది. పూజారితో మాట్లాడి వచ్చేస్తాను."

ఆ గీత అతనికి ఎవరూ గీసి ఇవ్వలేదు. తల్లి గాని, మస్జిదులో ఇమాము గారు గాని ఆ ఆటను చూసి ఎరుగరు. తన విశ్వాసానికి ఎక్కడ ఇబ్బంది కలుగుతుందో తానే గుర్తించి, మరో దారి వెతుక్కున్నాడు. మా చెల్లెలి భయం తెర మీది గుడి దగ్గరే ఆగిపోయింది. ఆ గుడి ముందు తన కొడుకు ఏం చేశాడో ఆమె చూడలేదు.

అయితే ఆమె భయం అర్థం లేనిది కాదు. 2020 జూన్‌లో పబ్‌జీ మొబైల్ ఆటలో కొత్తగా చేర్చిన ఒక విభాగంలో, ఆటగాడి పాత్ర విగ్రహం ముందు వంగితే శక్తి లభించే ఏర్పాటు చేశారు. గల్ఫ్ దేశాల్లో తల్లిదండ్రులు, ధర్మవేత్తలు అభ్యంతరం తెలిపారు. ఈజిప్టులోని అల్ అజ్హర్ ఫత్వా కేంద్రం హెచ్చరిక జారీ చేసింది. కొద్ది రోజుల్లోనే సంస్థ ఆ దృశ్యాన్ని తొలగించి, అరబీలో క్షమాపణ చెప్పింది. 2021 నవంబరులో కాల్ ఆఫ్ డ్యూటీ ఆటలో పవిత్ర ఖుర్ఆన్ పుటలు నేల మీద పడి ఉన్నట్టు చూపినప్పుడు కూడా నిరసన వచ్చింది, సంస్థ వాటిని తీసివేసి క్షమాపణ కోరింది. ఈ రెండు సందర్భాల్లోనూ శాంతియుతంగా, స్పష్టంగా చెప్పిన మాటకు ఫలితం దక్కింది. అభ్యంతరం చెప్పడం మన హక్కు, దాన్ని వదులుకోనక్కరలేదు.

కానీ అన్నిటినీ ఒకే గాటన కట్టడం సరికాదు. గ్రంథాన్ని అవమానించడం వేరు, లాభం కోసం మోకరిల్లమని ఆటగాణ్ణి ఊరించడం వేరు, కల్పిత లోకంలో కల్పిత ప్రజలకు ఒక మతం ఉన్నట్టు చూపడం వేరు. మొదటిది అవమానం. రెండోది అభ్యంతరకరం. మూడోది కథ. మన ఊళ్లలో బుర్రకథ విన్నవారికి ఇది కొత్త సంగతి కాదు. షేక్ నాజర్ గారు పల్నాటి యుద్ధం చెప్పినప్పుడు ఎందరి కోపాన్నో, ఎందరి దుఃఖాన్నో తన గొంతులోకి తెచ్చుకున్నారు. పాత్ర పలికినదంతా కథకుని విశ్వాసమని శ్రోతలెవరూ అనుకోలేదు.

ధర్మం దృష్టితో చూసినా విషయం ఒక్క మాటలో తేలదు. కర్మలకు విలువ సంకల్పాన్ని బట్టి ఉంటుందన్న దైవప్రవక్త (స) బోధ మనకు తెలిసినదే. అదే సమయంలో తౌబా సూరా 65వ ఆయతు అల్లాహ్‌ను, ఆయన సూచనలను, ఆయన ప్రవక్తను పరిహాసానికి వాడుకున్నవారిని తీవ్రంగా హెచ్చరించింది. "అంతా ఆటే కదా" అన్న సాకు అన్ని చోట్లా చెల్లదని దానివల్ల తెలుస్తుంది. ఆటలోనైనా పూజ రూపంలో ఉన్న చర్యకు దూరంగా ఉండటమే మేలని చెప్పే ధర్మవేత్తల మాటను నేను గౌరవిస్తాను. మా మేనల్లుడి మందు సీసా ఆ మాటకు దగ్గరగానే ఉంది. అయితే కల్పిత మతం కనిపించిన ప్రతి ఆటనూ షిర్క్ అని తీర్పు చెప్పి, పిల్లవాణ్ణి దోషిగా నిలబెట్టడం మాత్రం తొందరపాటు.

ఇక ఆ సాయంత్రం నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన విషయానికి వస్తాను. స్కైరిమ్ కథలో ఒక సామ్రాజ్యం యుద్ధంలో నలిగిపోయి, బలవంతులతో ఒప్పందం చేసుకుంటుంది. టాలోస్ అనే దేవుడి ఆరాధనను నిషేధించాలన్నది ఆ ఒప్పందంలోని షరతు. గెలిచినవారి అధికారులు ఊరూరా తిరిగి, రహస్యంగా ఆరాధించేవారిని పట్టుకుపోతుంటారు. మార్కార్త్ అనే నగరంలో అలాంటి అధికారి ఒకడు ఆటగాడికి ఒక పని అప్పగిస్తాడు. ఆ ఊరిలో ఓగ్‌మండ్ అనే వృద్ధ గాయకుడు ఉన్నాడు. అతడు చాటుగా టాలోస్‌ను ఆరాధిస్తున్నాడని అనుమానం. అతని ఇంట్లో దూరి, టాలోస్ తాయెత్తును సాక్ష్యంగా పట్టుకురావాలి.

"మొదటిసారి తెచ్చి ఇచ్చేశాను మామూ. ఏ పని ఇచ్చినా చేసేయడం అలవాటు కదా" అన్నాడు. కాసేపు ఆగి, "తర్వాత బాగా అనిపించలేదు. ఎవరో మనింట్లో దూరి జానమాజ్ వెతికినట్టు అనిపించింది. వెనక్కి వెళ్లి, ఆ పని ఒప్పుకోకుండా మళ్లీ ఆడాను" అన్నాడు.

ఆ మాటతో నాకు మక్కా తొలి రోజులు గుర్తుకొచ్చాయి. దారుల్ అర్ఖమ్‌లో విశ్వాసులు గుట్టుగా కలుసుకున్న రోజులవి. ఇతరుల గుట్టు వెతకవద్దని హుజురాత్ సూరా 12వ ఆయతు ఆదేశించింది. ఇంటి తలుపు వెనుక మనిషికి ఉండే గౌరవం మన ధర్మంలో ఎంత పెద్దదో పిల్లలకు చాలాసార్లు చెబుతాం. ఆ గౌరవాన్ని తానే భంగం చేసిన క్షణంలో, అది కల్పిత లోకమైనా సరే, ఈ పిల్లవాడికి ఆ బోధ అర్థమైంది.

ఇక్కడొక చిక్కు ఉంది, దాన్ని దాటవేయకూడదు. టాలోస్ ఒకప్పుడు మానవుడు, చక్రవర్తి. మరణానంతరం దేవుడయ్యాడని ఆ లోకపు ప్రజలు నమ్ముతారు. మన తౌహీద్‌కు ఇంతకంటే విరుద్ధమైన నమ్మకం ఉండదు. అయినా ఆ నమ్మకం కారణంగా ఒక వృద్ధుడి ఇల్లు సోదా చేయడం అన్యాయమని మా మేనల్లుడు గుర్తించాడు. మైనారిటీ హక్కుల గురించి మనం ఎన్నో ఏళ్లుగా చెబుతున్న మాట కూడా ఇదే. ఎదుటివాడి విశ్వాసం నీకు నచ్చాల్సిన పని లేదు, దాన్ని నిర్భయంగా పాటించుకునే హక్కు అతనికి ఉండాలి. హజ్ సూరా 40వ ఆయతు మఠాలను, చర్చీలను, యూదుల ప్రార్థనాలయాలను, మస్జిదులను ఒకే వరుసలో ప్రస్తావించింది. ఆ క్రమంలో మస్జిదు చివర ఉండటం మనం గమనించదగ్గది.

ఆ ఆట మరో చేదు నిజాన్ని కూడా చూపుతుంది. టాలోస్ ఆరాధన కోసం తిరుగుబాటు చేసినవారి రాజధాని విండ్‌హెల్మ్. ఆ నగరంలో, స్వదేశం నాశనమై శరణు వచ్చిన వేరే జాతివారు ఇరుకైన మురికివాడలో బతుకుతుంటారు. మరో జాతివారిని ప్రాకారం లోపలికే రానివ్వరు, వారు రేవు దగ్గర కూలి చేసుకుంటూ ఉంటారు. తన విశ్వాసానికి స్వేచ్ఛ కోరేవాడే పక్కవాడి బతుకును ఇరుకు చేస్తాడు. అబిసీనియాలో క్రైస్తవ రాజు నజ్జాషీ నీడన శరణు పొందిన సహచరుల వారసులం మనం. మన వీధిలో మనకంటే బలహీనులైన వారితో మనం ఎలా మెలుగుతున్నామన్న ప్రశ్న మనకూ వర్తిస్తుంది.

పాత్ర ధరించడం రెండువైపులా జరిగే వ్యవహారం. మన పిల్లలు ఇతరుల పాత్రలు ధరిస్తున్నారు, ఇతరుల పిల్లలు మన పాత్రలు ధరిస్తున్నారు. మరి ఆ పాత్రలు ఎలా ఉన్నాయి? స్వీడన్‌కు చెందిన పారడాక్స్ సంస్థ 2012 ఫిబ్రవరిలో క్రూసేడర్ కింగ్స్ రెండో ఆటను విడుదల చేసింది. అందులో ముస్లిం పాలకులు ఉన్నారు, కానీ వారిగా ఆడే వీలు లేదు. అదే ఏడాది జూన్‌లో విడిగా డబ్బు పెట్టి కొనుక్కోవాల్సిన అనుబంధంతో ఆ అవకాశం వచ్చింది. హజ్ యాత్ర, రంజాన్ ఉపవాసం అందులో చేర్చారు, సంతోషమే. కానీ వంశం విలాసాల్లో పడి పతనమవుతోందని కొలిచే లెక్క ఒకటి ముస్లిం వంశాలకు మాత్రమే పెట్టారు. దురాశ, విలాసం ఏ రాజవంశంలో లేవు? 2020లో వచ్చిన మూడో ఆటలో మొదటి నుంచే ముస్లిం పాలకులుగా ఆడవచ్చు, ఆ లెక్కా లేదు. మార్పు సాధ్యమేనని దీన్నిబట్టి తెలుస్తోంది. మన సంఘాలు అవమానం జరిగిన రోజున నిరసన తెలపడంతో పాటు, ఇలాంటి చిత్రణల మీద కూడా మాట్లాడాలి. ఆటల తయారీలో పని చేయగల మన యువతీయువకులను ప్రోత్సహించాలి.

తల్లిదండ్రులకు నా విన్నపం ఒక్కటే. తీర్పు చెప్పే ముందు ఒక గంట పక్కన కూర్చోండి. "ఈ పాత్ర ఎవరిని నమ్ముతుంది? నువ్వెక్కడ ఆగావు? ఎందుకు ఆగావు?" అని అడగండి. పిల్లవాడు ఆగలేదని తెలిస్తే, అది కూడా తలుపులు మూసుకోకుండా మాట్లాడుకోవాల్సిన విషయమే. నమాజు వేళ దాటిపోతున్నా, చదువు చెడుతున్నా ఆట కట్టించండి, అందులో సందేహం లేదు. కానీ భయంతో యంత్రాన్ని లాక్కుంటే పిల్లవాడు ఆట మానడు, మీకు చెప్పడం మానేస్తాడు.

ఆ రోజు మగ్రిబ్ అజాన్ వినిపించగానే మా మేనల్లుడు ఆట ఆపి, వుజూకు లేచాడు. గుమ్మంలో నిలబడి చూస్తున్న మా చెల్లెలు ఏమీ అనలేదు. నమాజు ముగిసి మేము తిరిగి వచ్చాక, కొడుకును పిలిచి, "ఆ ముసలాయన ఇంటికి మళ్లీ వెళ్లలేదు కదా?" అని అడిగింది.