ఫోన్ పట్టుకుని రెఫరీ మీదికి వెళ్ళే పిల్లలకు

లాల్‌పేట, ఘుగ్గుస్, బల్లార్షా మైదానాల్లో ఫుట్‌బాల్ ఆడే మన తెలుగు పిల్లలకు,

మీ చేతిలో వీడియో ఉంది కాబట్టి రెఫరీ మాట ఇక చెల్లదంటున్నారు. మన టోర్నమెంట్లకు కూడా వీఏఆర్ (వీడియో చూసి రెఫరీకి తప్పు చెప్పే పద్ధతి) తెమ్మంటున్నారు. గనిలో షిఫ్టు దిగి వచ్చి సాయంత్రాలు విజిల్ ఊదినవాణ్ణి, నాకు తోచింది రాస్తున్నాను.

మీ వాదనలో బలం లేకపోలేదు. 2024 జూన్ 11న దోహాలో ఏం జరిగిందో మీరూ చూశారు. ప్రపంచకప్ క్వాలిఫయర్‌లో ఛాంగ్‌టే గోల్‌తో మనవాళ్ళు ముందున్నారు. 73వ నిమిషంలో మన గోల్‌కీపర్ గురుప్రీత్ ఆపిన బంతి గోల్ పక్కనుంచి గీత దాటి బయటికి పోయింది. ఖతార్ ఆటగాడు దాన్ని వెనక్కి లాగాడు, యూసుఫ్ ఐమెన్ లోపలికి కొట్టాడు. రెఫరీ గోల్ ఇచ్చేశాడు. ఆ రౌండ్‌లో వీఏఆర్ లేదు. 2-1తో ఓడి మూడో రౌండ్‌కు వెళ్ళకుండానే ఇంటికొచ్చాం. బంతి గీత దాటిందా లేదా అన్నదానికి జవాబు ఒక్కటే ఉంటుంది. అలాంటి చోట కెమెరాను వద్దనేవాడు మూర్ఖుడు.

కానీ 2023 మార్చి 3న బెంగళూరులో జరిగింది వేరు. అదనపు సమయంలో కేరళ బ్లాస్టర్స్ వాళ్ళు ఇంకా గోడ కట్టుకుంటుండగానే బెంగళూరు ఆటగాడు ఛెత్రి ఫ్రీ కిక్ కొట్టేశాడు, గోల్ అయింది. బ్లాస్టర్స్ కోచ్ వుకొమనోవిచ్ జట్టునే మైదానం నుంచి తీసుకుపోయాడు. క్లబ్బుకు 4 కోట్ల రూపాయల జరిమానా, ఆయనపై 10 మ్యాచ్‌ల నిషేధం పడ్డాయి. వీఏఆర్ ఉంటే ఆ గొడవ తీరేదని అప్పుడు చాలామంది అన్నారు. తీరేది కాదు. అప్పటి రూల్స్ ప్రకారం వీఏఆర్ చూసేది నాలుగే: గోల్, పెనాల్టీ, నేరుగా ఇచ్చే రెడ్ కార్డు, ఒకడి బదులు ఇంకొకడికి కార్డు చూపించడం. ఫ్రీ కిక్ త్వరగా కొట్టనివ్వాలా వద్దా అన్నది మైదానంలో ఉన్న మనిషి నిర్ణయం.

పైగా తెర ముందు కూర్చునేదీ మనిషే. 2023 సెప్టెంబర్ 30న లండన్‌లో లివర్‌పూల్ ఆటగాడు డియాజ్ సరైన గోలే కొట్టాడు. మైదానంలో ఆఫ్‌సైడ్ ఇచ్చారు. వీడియో గదిలోనివాళ్ళు గోల్ ఇచ్చారనుకుని అంతా సరిగ్గానే ఉందని చెప్పేశారు. తప్పు తెలిసేసరికి ఆట మళ్ళీ మొదలైపోయింది, వెనక్కి తిప్పే వీలు లేదు. అన్ని కెమెరాలుండీ ఆ గతి! ఇక గోల్ పడ్డాక వీఏఆర్ తేల్చేదాకా నిమిషాల తరబడి ఊపిరి బిగబట్టి నిలబడితే ఆ సంబరంలో మిగిలేదేమిటో, టీవీలో చూసేవాళ్ళు మీరే చెప్పండి.

నా తీర్పు ఇదీ: గీత సంగతి కెమెరాకు, తోపులాట సంగతి రెఫరీకి.

మరి మీ ఫోన్? ఆఫ్‌సైడ్‌లో చివరి డిఫెండర్‌తో సరిగ్గా సమంగా నిలబడినవాడికే నిజం తెలుస్తుంది. గోల్ వెనక నుంచో, మూలన గోడెక్కో తీసిన వీడియోలో ముందున్నవాడు వెనక, వెనకున్నవాడు ముందు కనిపిస్తాడు. అలాంటిది చూపించి రెఫరీ చొక్కా పట్టుకుంటున్నారు. ఇక గీత సంగతంటారా, మన మైదానంలో సున్నం గీత సగం ఆటకే చెరిగిపోతుంది. ముందు అది సరిగ్గా వేయండి.

చిన్న టోర్నమెంట్ల కోసం ఫిఫా 2024లో ఒక పద్ధతి పరీక్షించడం మొదలుపెట్టింది. వీడియో గది ఉండదు, కోచ్ అడిగితే రెఫరీయే గట్టు మీద తెర చూసుకుంటాడు. అది మన దాకా వస్తే సంతోషమే. అప్పుడైనా ఆ తెర చూసి నిర్ణయం చెప్పడానికి రూల్స్ తెలిసినవాడు కావాలి కదా! ఇవాళ మనకు లైన్‌మన్‌లే దొరకడం లేదు. అందరూ స్ట్రైకర్లే కావాలంటారు, జెండా వైపు ఎవడూ చూడడు.

గొడవ పడినవాళ్ళలో ఇద్దరు వచ్చే ఆదివారం నా దగ్గరికి రండి. జెండాలు నేనిస్తాను, ఆఫ్‌సైడ్ రూలు నేను నేర్పిస్తాను. ఫోన్లు ఇంట్లో పెట్టి రండి.

మీ తాత,
చంద్రపూర్