డోడో లేని దీవిలో

మారిషస్ వెళ్ళివచ్చిన వారింట్లో డోడో బొమ్మ ఒకటి తప్పకుండా వుంటుంది. అద్దాల బీరువాలో కొండపల్లి అంబారీ ఏనుగు పక్కన చోటు చేసుకుని కూర్చుంటుంది. బొద్దుపాటి ఒళ్ళూ, ఎందుకూ కొరగాని రెక్కలూ, వంకర ముక్కూ చూస్తే నవ్వొస్తుంది. ఆ బొమ్మ తెచ్చినవారిని, “అక్కడ ప్రాణంతో వున్న పక్షి ఏం చూశారండీ?” అని అడిగి చూడండి. సముద్రం చూశామంటారు, చమరెల్‌లో ఏడు రంగుల మట్టి చూశామంటారు, హోటల్లో భోజనం బ్రహ్మాండమంటారు. పక్షి మాట మాత్రం ఎత్తరు.

సెలవులకి ఆ దీవికి ప్రయాణం కట్టేవారు మన పాఠకుల్లో కొందరైనా వుంటారు గనుక, ఆ ఎత్తని మాట గురించి నాలుగు ముక్కలు.

డచ్చి నావికులు 1598లో అక్కడ దిగి డోడోని చూశారు. 1662 తరువాత దాన్ని చూశామని నమ్మదగ్గట్టు చెప్పినవాళ్ళు లేరు. అంటే మనిషికీ దానికీ పరిచయం అరవై నాలుగేళ్ళు! నావికులు వండుకు తినేశారని లోకం చెప్పుకుంటుంది గాని, అసలు చేటు ఓడల్లో దిగిన ఎలుకలూ, పందులూ, కోతుల వల్ల జరిగింది. అవి గుడ్లూ పిల్లలూ మిగలనివ్వలేదు. అడివి చూస్తే నల్లచేవ కోసం నరికేశారు. ఆ నల్లచేవ మాను మన బీడీ ఆకుల తునికి చెట్టుకి దగ్గర బంధువే.

ఇంతకీ ఆ పాత అడివిలో ఒక తునక ఇంకా వున్నది. ఆగ్నేయపు ఒడ్డున మహేబూర్ అనే వూరికి దగ్గరలో, తీరానికి అరమైలు దూరాన, ఇల్-ఓ-ఎగ్రెత్ అనే చిన్న దీవి. కొంగల దీవి అని అర్థం. మొత్తం వైశాల్యం 26 హెక్టారులు, మన లెక్కలో 64 ఎకరాలు. ఒక మోతుబరి పొలమంత. 1965లో దీన్ని రక్షిత స్థలంగా ప్రకటించారు. మారిషస్ వన్యప్రాణి సంస్థవారు పరాయి మొక్కలు పీకి, ఎలుకల్ని లేకుండా చేసి, నల్లచేవ అడివిని మళ్ళీ నిలబెట్టారు. పడవ మీద తీసుకువెళ్ళి, గంటన్నరకి పైగా తిప్పి చూపిస్తారు. మనమిచ్చే టిక్కెట్టు డబ్బు ఆ పనికే పోతుంది. విమానాశ్రయం కూడా ఆ వైపే గనుక, వచ్చిన రోజో తిరిగి వెళ్ళే రోజో ఒక పూట దీనికి అట్టే పెట్టుకుంటే వేరే ప్రయాణం అక్కరలేదు.

అక్కడ చూడవలసింది గులాబి పావురం. గులాబి అంటే పెళ్ళి శామియానా రంగు కాదు లెండి. లేత ఛాయ, రొమ్ము మీద మరీ లేత. 1991 నాటికి అడివిలో ఇవి ఇంచుమించు పది మిగిలాయి. ఇప్పుడు వందల్లో వున్నాయి. కింద చూస్తే, మన పల్లెల్లో నలికిళ్ళ పాము అంటామే, దాని జాతివే పెద్ద బల్లులు ఎండుటాకుల్లో సర్రున పోతాయి. ఇక తాబేళ్ళు. మారిషస్ సొంత పెద్ద తాబేళ్ళు ఏనాడో నశించిపోతే, వాటి బదులు అల్దాబ్రా దీవుల నించి తెచ్చి వదిలారు. అవి నల్లచేవ పళ్ళు తిని తిరిగినచోటల్లా గింజలు వేస్తున్నాయి. వాటి కడుపులోంచి వచ్చిన గింజలు మామూలు గింజలకన్న బాగా మొలుస్తున్నాయట. పిల్లల్ని వెంట తీసుకువెడితే ఆ తాబేలు దగ్గరనించి కదలరు. మీద ఎక్కించి ఫొటో తీద్దామని మాత్రం చూడకండి.

మరొక కథ చెప్పాలి. మారిషస్ కెస్ట్రెల్ అని ఒక చిన్న డేగ. మలేరియా కోసం చల్లిన డిడిటి మందు వల్లనూ, అడివి పోవడం వల్లనూ క్షీణించి, 1974 నాటికి ప్రపంచం మొత్తానికి అడివిలో తెలిసినవి నాలుగంటే నాలుగే. 1979లో కార్ల్ జోన్స్ అనే వేల్సు యువకుణ్ణి పంపించారు. ఎందుకనుకున్నారు? ఆ రక్షణ పని దండగ, మూసేసి రమ్మని! ఆయన మూయలేదు. గూటిలో గుడ్లు తీసుకుని వేడిపెట్టెలో పొదిగించాడు. గుడ్లు పోయిన తల్లి మళ్ళీ గుడ్లు పెట్టేది. తీసినవీ బతికాయి, పెట్టినవీ బతికాయి. ఈనాడు ఆ డేగలు కొన్ని వందలు. 1994లో ఏర్పడిన బ్లాక్ రివర్ గోర్జెస్ జాతీయవనంలో అదృష్టం బాగుంటే కనిపిస్తుంది. ఉదయాన్నే వెళ్ళాలి, మాటలు తగ్గించాలి. ఈ రెండో షరతే మన కుటుంబాలకి కష్టం.

అయితే, బతికించినదంతా ఒక్క రోజులో పోయే ప్రమాదమూ వున్నది. 2020 జూలై 25న వకాషియో అనే సరుకుల ఓడ ఈ చిన్నదీవి దగ్గరే పగడపు దిబ్బకి తట్టుకుంది. పన్నెండు రోజులకి దాని కడుపు పగిలి, సుమారు వెయ్యి టన్నుల నూనె నీళ్ళలో కలిసింది. జనం ఎవరి ఉత్తరువుకోసమూ ఆగలేదు. చెరుకు ఆకు గోనెల్లో కుక్కి తేలుడు కట్టలు కట్టారు. నూనె పీల్చుకుంటుందని తల వెంట్రుకలు కత్తిరించి ఇచ్చారు. అరుదైన పక్షుల్నీ మొక్కల్నీ దీవి దాటించారు. కొన్ని బల్లుల్ని విమానంలో ఇంగ్లండు పక్కనున్న జెర్సీ దీవికి పంపారు. తల నీలాలు ఇవ్వడం మనకి కొత్త కాదు గాని, సముద్రానికి ఇచ్చారని అప్పుడే విన్నాం.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. తమరిన్ దగ్గర ఉదయం డాల్ఫినులు తీరానికి వస్తాయి. రాత్రంతా వేటాడి విశ్రాంతికి వచ్చే జీవాలు అవి. డజను పడవలు చుట్టుముట్టి వాటి మధ్యలోకి మనుషుల్ని దూకించే వేడుక నాకు నచ్చదు, ఒడ్డునించే చూడండి. పాంప్లెమూస్ తోటలో తాంబాళాల వంటి తామరాకులు అందరూ చూస్తారు. అక్కడే వున్న శ్రీతాళం చెట్టుని కూడా చూడండి. మన పూర్వులు గ్రంథాలు రాసుకున్న ఆకు అది. దశాబ్దాల పాటు పెరిగి, ఒక్కసారే పూసి, కాసి, చచ్చిపోతుంది.

మనకి ఎండలు మండే మే, జూను నెలలు అక్కడ చలికాలం; స్వెట్టరు వుంచుకోండి. జనవరి మొదలు మార్చి దాకా తుఫాన్ల భయం. చైత్రంలో వెడితే ఉగాది అక్కడ కూడా సర్కారు సెలవు. కోరంగి రేవులో ఓడలెక్కి చెరుకుతోటల కూలికి పోయినవారి మునిమనవలు చేసుకునే పండుగ అది.

అన్నట్టు, డోడో పావురాల కులానిదే. బతికివున్న వాటిలో దానికి అతి దగ్గర చుట్టం మన నికోబారు పావురమని శాస్త్రజ్ఞులు తేల్చారు. మెడనిండా జూలు, ఆకుపచ్చని మెరుపు. డోడోలా కాదు, ఇది చక్కగా ఎగురుతుంది.