వచ్చాడు సరే... మోకాలు ఏమంటోంది?

మీరు హాకీ చూసినా చూడకపోయినా ఈ అంకె ఒక్కసారి గమనించండి: 1,032 రోజులు. అమెరికాలోని కొలరాడో అవలాంచ్ ఐస్ హాకీ జట్టు కెప్టెన్ గాబ్రియెల్ లాండెస్కోగ్ 2022 జూన్ 26న స్టాన్లీ కప్ గెలిచాడు. మళ్లీ ఎన్‌హెచ్‌ఎల్ మ్యాచ్‌లోకి దిగింది 2025 ఏప్రిల్ 23న. మధ్యలో మూడు లీగ్ సీజన్లు మొత్తంగా పోయాయి. వయసు 29 నుంచి 32కి చేరింది. మోకాలికి రెండు శస్త్రచికిత్సలు జరిగాయి. ఆ రాత్రి డెన్వర్‌లోని బాల్ అరీనాలో జనం గొంతులు చించుకుని అరిచారంటే అందులో అతిశయం ఏమీ లేదు. మూడేళ్లుగా దాచుకున్న అరుపు అది.

ఎదుటి జట్టు డాలస్ స్టార్స్. వాళ్లు సాధన చేసేది ఫ్రిస్కోలో. ఆ ఊళ్లోనూ, పక్కనున్న ప్లేనో, ఇర్వింగ్‌లలోనూ మనవాళ్లు ఎంతమంది ఉన్నారో చెప్పక్కర్లేదు. కాబట్టి అక్కడి మనవడో మనవరాలో ఫోన్‌లో ఈ పేరు చెప్పి, ‘అమ్మమ్మా, ఆయన మోకాలు బాగైంది, నీదెందుకు బాగవదు?’ అని అడిగినా ఆశ్చర్యం లేదు. అడగాల్సిన ప్రశ్నే. జవాబు మాత్రం మనం అనుకున్నంత తేలిక కాదు.

ముందు దెబ్బ సంగతి. 2020 ప్లేఆఫ్స్‌లో, ఇదే డాలస్‌తో ఆడుతుండగా సొంత జట్టు ఆటగాడు కేల్ మకార్ స్కేటు అంచు లాండెస్కోగ్ కుడి మోకాలి చిప్ప పైభాగాన కోసేసింది. ఐస్ హాకీ స్కేటంటే బూటు కింద బిగించిన పదునైన ఉక్కు పట్టీ. కోత మానింది. మళ్లీ ఆడాడు. కానీ ఆ మోకాలు పూర్తిగా కుదుటపడలేదు. 2022 మార్చిలో శస్త్రచికిత్స చేయించుకున్నాడు. కొద్ది వారాలకే ప్లేఆఫ్స్‌లోకి దిగి 20 మ్యాచ్‌లలో 11 గోల్స్ కొట్టాడు, మరో 11 గోల్స్‌కు సాయపడ్డాడు. కప్పు ఎత్తాడు. ఆ తర్వాతే అసలు కథ మొదలైంది. అదే ఏడాది అక్టోబరులో ఆర్థ్రోస్కోపీ, 2023 మేలో మృదులాస్థి మార్పిడి.

మృదులాస్థి అంటే మరేదో కాదు. మన ఇళ్లలో ‘మోకాళ్లలో గుజ్జు అరిగిపోయింది’ అంటామే, ఆ గుజ్జే. మాట గుజ్జయినా అది మెత్తగా పిసికితే పోయేది కాదు. ఎముకల చివర్లకు అంటుకుని తెల్లగా, నున్నగా, కొన్ని మిల్లీమీటర్ల మందంలో ఉండే గట్టి పొర. ఒక ఎముక మీద మరో ఎముక జారేటప్పుడు రాపిడి లేకుండా చేయడం దాని పని. దానికి రక్తనాళాలు లేవు. నాడులూ లేవు. ఈ రెండు లోపాల్లోనే చిక్కంతా ఉంది. రక్తం అందదు కాబట్టి చర్మంలా, ఎముకలా తనంతట తాను అతుక్కోదు. నాడులు లేవు కాబట్టి దెబ్బ తగిలినా మొదట్లో గట్టిగా చెప్పదు. కింది ఎముక మీద భారం పడ్డాకో, కీలు లోపలి పొర వాచాకో గానీ నొప్పి తెలియదు. అప్పటికి ఆలస్యమై ఉంటుంది.

అందుకే వైద్యులు దీన్ని రకరకాలుగా బాగుచేయడానికి చూస్తారు. కింది ఎముకకు సన్నని రంధ్రాలు చేసి, అక్కడి నుంచి వచ్చే కణాలతో కొత్త పొర ఏర్పడేలా చేయడం ఒకటి. దానిలో పుట్టే పొర అసలుదానంత గట్టిగా ఉండదు. రోగి మృదులాస్థి కణాలనే తీసి, ప్రయోగశాలలో పెంచి తిరిగి అమర్చడం మరొకటి. భారం పెద్దగా పడని చోటు నుంచి ఎముకతో సహా చిన్న ముక్క తీసి దెబ్బతిన్న చోట బిగించడం, లేదా మరణానంతర దాత నుంచి అలాంటి ముక్క తెచ్చి పెట్టడం ఇంకో దారి. ఏ దారిలో వెళ్లినా మొదట కొన్ని వారాలు చంక కర్రలు తప్పవు. తిరిగి ఆటలోకి రావడానికి మామూలుగా 9 నెలల నుంచి ఏడాది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. లాండెస్కోగ్‌కు మార్పిడి తర్వాత దాదాపు రెండేళ్లు పట్టింది.

ఎందుకంత? ఐస్ హాకీ ఆటగాడు నిటారుగా నిలబడి పరుగెత్తడు. మోకాళ్లు వంచి, ఇంచుమించు కుర్చీలో కూర్చున్న భంగిమలో ఉండి, కాలిని పక్కకు తోసుకుంటూ జారతాడు. ఒక్కో విడతలో ముక్కాలు నిమిషం సేపు ప్రాణం పెట్టి ఆడి బెంచీ మీదికి వస్తాడు, మళ్లీ వెళతాడు. వంగిన మోకాలి మీద చిప్ప వెనక భాగానికి పడే ఒత్తిడి తిన్నగా ఉన్న కాలి మీద పడేదానికంటే చాలా ఎక్కువ. మెట్లు ఎక్కేటప్పుడు కంటే దిగేటప్పుడు మీ మోకాలు ఎందుకు మూలుగుతుందో ఇప్పుడు అర్థమైందా? దానికి తోడు ఈ ఆటలో ఎదుటివాడు ఒళ్లు మీదేసి గోడకు గుద్దుతాడు. అది నిబంధనలకు లోబడే.

ఇక అభిమానుల మాట. ఈ మూడేళ్లు వాళ్లు బతికింది వార్తల ముక్కల మీద. ఎన్‌హెచ్‌ఎల్ జట్లు గాయం వివరాలు సూటిగా చెప్పవు. ‘లోయర్ బాడీ’ అంటాయి, అంటే నడుము కింద ఎక్కడో. ‘అప్పర్ బాడీ’ అంటే పైన ఎక్కడో. మిగతాది ఊహించుకోవాల్సిందే. అందుకే మంచు మీద ఒంటరిగా తిరుగుతున్న పది సెకన్ల వీడియో కనబడితే చాలు, వచ్చేస్తున్నాడంటూ సందడి. 2024 ప్లేఆఫ్స్‌కు వస్తాడని ఆశపడ్డారు, రాలేదు. తర్వాతి సీజన్ మొదట్లో అనుకున్నారు, రాలేదు. మన దగ్గర క్రికెటర్ల గాయాల విషయంలో చేసేదీ ఇదే. నెట్స్‌లో బ్యాటు పట్టగానే మ్యాచ్ ఆడతాడని రాసేస్తాం.

గాయపడిన ఆటగాడి గురించి చదివేటప్పుడు మీరు చూడాల్సింది తేదీని కాదు, మెట్టుని. ఒంటరిగా సాధన చేయడం ఒక మెట్టు. ఎవరూ ఢీకొట్టకూడదన్న షరతుతో జట్టుతో కలిసి ఆడటం ఇంకో మెట్టు. ఢీకొట్టించుకుంటూ పూర్తి సాధన చేయడం మూడోది. చిన్న లీగ్‌లో అసలు మ్యాచ్ ఆడటం నాలుగోది. లాండెస్కోగ్ 2025 ఏప్రిల్‌లో ఈ నాలుగో మెట్టు మీద కొలరాడో ఈగల్స్ జట్టుకు రెండు మ్యాచ్‌లు ఆడాడు. ఆ తర్వాతే పెద్ద మ్యాచ్. ప్రతి మెట్టు దగ్గరా అడిగే ప్రశ్న ఒకటే: మర్నాడు మోకాలు వాచిందా? వాస్తే ఒక మెట్టు దిగాలి. వాపును తేలిగ్గా తీసుకోకూడదు. కీలులో నీరు చేరితే తొడ ముందు కండరానికి అందే ఆదేశమే మందగిస్తుంది. కండరం నీరసిస్తే భారమంతా కీలు మీదే పడుతుంది. మళ్లీ వాస్తుంది. చాలామంది మోకాలి రోగులు ఇరుక్కునేది ఈ సుడిలోనే.

తొందరపడితే ఏమవుతుందో లెక్కలూ ఉన్నాయి. మోకాలి ముందు లిగమెంటు, అంటే ఏసీఎల్ ఆపరేషన్ అయినవారి మీద నార్వేలో జరిగి 2016లో వెలువడిన అధ్యయనం ప్రకారం, తొమ్మిది నెలల వరకు ఆటలోకి రావడాన్ని వాయిదా వేసిన ఒక్కో నెలకూ మళ్లీ గాయపడే రేటు సగం మేర తగ్గింది. తొడ కండరం బలం రెండో కాలితో దాదాపు సమానమయ్యాక వచ్చినవారికీ ముప్పు తక్కువే. మన హాకీలోనూ ఉదాహరణ ఉంది. గోల్‌కీపర్ పి.ఆర్. శ్రీజేశ్ 2017లో అజ్లాన్ షా కప్‌లో మోకాలికి గాయమై ఎనిమిది నెలల పాటు జట్టుకు దూరమయ్యాడు. 2018 జనవరిలో న్యూజిలాండ్‌లో మళ్లీ దిగాడు. అప్పటికే ఆయన పని అయిపోయిందన్నవాళ్లు ఉన్నారు. తర్వాత టోక్యోలో కాంస్యం, 36 ఏళ్ల వయసులో పారిస్‌లో ఇంకో కాంస్యం. అయితే లిగమెంటు వేరు, మృదులాస్థి వేరు. శ్రీజేశ్ ఎనిమిది నెలల్లో వచ్చాడు కాబట్టి లాండెస్కోగ్ బద్ధకించాడని అనుకుంటే పొరపాటు.

ఇంతకీ లాండెస్కోగ్ తిరిగొచ్చి ఏం చేశాడు? తొలి మ్యాచ్‌లో సుమారు 13 నిమిషాలు ఆడాడు. జట్టు అదనపు సమయంలో 2-1తో ఓడింది. మూడు రోజుల తర్వాత ఒక గోల్ కొట్టాడు, మరో గోల్‌కు సాయపడ్డాడు. జట్టు 4-0తో గెలిచింది. చివరికి ఏడు మ్యాచ్‌ల ఆ సిరీస్ డాలస్‌దే అయింది. ఏడో మ్యాచ్‌లో అవలాంచ్‌ను ముంచింది అతని పాత సహచరుడు మికో రాంటానెన్ చేసిన హ్యాట్రిక్. అయినా 2025 అక్టోబరులో కొత్త సీజన్ మొదటి మ్యాచ్‌కు లాండెస్కోగ్ జట్టుతోనే ఉన్నాడు. నన్నడిగితే అభిమాని పండుగ చేసుకోవాల్సింది ఈ అక్టోబరుకి. ఏప్రిల్‌లోని ఒక్క రాత్రి ఉత్సాహంతోనూ గడిచిపోతుంది. వేసవంతా కష్టపడి మళ్లీ సుదీర్ఘ సీజన్‌కు నిలబడటం ఉత్సాహంతో అయ్యేది కాదు.

2022లో నొప్పితోనే ఆడి కప్పు గెలిచాడు కదా అని మీరు అనవచ్చు. దానివల్లే మోకాలు చెడిందనడం న్యాయం కాదు, దెబ్బ అంతకుముందుదే. కానీ ‘నొప్పిని భరించి గెలిచాడు’ అన్న పొగడ్తను మాత్రం ఇంటికి తెచ్చుకోకండి. అది వృత్తి ఆటగాడి బేరం. జీవితంలో ఒకటో రెండో సార్లు వచ్చే కప్పు కోసం తెలిసే చేసుకున్నాడు. ఎనిమిదేళ్ల ఒప్పందం, పక్కనే ఫిజియోలు, రోజంతా దానికే కేటాయించే వీలు ఉన్నాయి. మాత్ర వేసుకుని మూడంతస్తులు గ్యాస్ సిలిండర్ మోసే మనిషికి ఆ బేరంలో వచ్చేదేమీ లేదు.

ఇప్పుడు అమ్మమ్మ మోకాలి సంగతి. మృదులాస్థి మార్పిడి పనికొచ్చేది దెబ్బతో ఒకచోట గుంట పడిన మోకాలికి, అదీ ఎక్కువగా 50 ఏళ్ల లోపు వారికి. వయసుతో, బరువుతో మొత్తం అరిగిన మోకాలు వేరే జబ్బు. అక్కడ ముక్క తెచ్చి అతికించే చోటే ఉండదు. అరిగిన గుజ్జును మునుపటిలా తిరిగి పుట్టిస్తుందని రుజువైన మందు గానీ ఇంజెక్షన్ గానీ ఇంతవరకు లేదు. బోర్డుల మీద ఎంత పెద్ద అక్షరాలు రాసినా సరే. గొట్టం పెట్టి కీలును కడిగితే పోతుందన్న నమ్మకమూ నిలబడలేదు. కడిగినట్టు నటించిన వారికి, నిజంగా కడిగించుకున్న వారికి తేడా లేదని 2002లోనే అమెరికాలో ఒక పరీక్ష తేల్చింది.

పనిచేసేవి పాతవే. తొడ కండరాలను బలపరిచే వ్యాయామం, నడక, బరువు తగ్గడం. ఒక కిలో తగ్గితే ప్రతి అడుగులో మోకాలి మీద పడే భారం సుమారు నాలుగు కిలోలు తగ్గుతుంది. గొంతుక్కూర్చోవడం, బాసింపట్టు వేసుకుని గంటల తరబడి ఉండటం తగ్గిస్తే ఊరట. అప్పటికీ రాత్రి నిద్ర పట్టనివ్వకుండా, నాలుగడుగులు వేయనివ్వకుండా ఉంటే కీలు మార్పిడి గురించి ఎముకల వైద్యుడితో మాట్లాడాలి. మోకాలు ఉన్నట్టుండి బిగుసుకుపోయి తెరుచుకోకపోయినా, వాపుతో పాటు జ్వరం వచ్చినా, ఆపరేషన్ తర్వాత పిక్క నొప్పి పుట్టి ఉబ్బినా ఆగకూడదు, అదే రోజు చూపించుకోవాలి.

ఇంట్లో ఎవరైనా మోకాలి ఆపరేషన్ చేయించుకుని ఉంటే, వచ్చేపోయే చుట్టాలందరూ అడిగేది ‘ఇంకా ఎన్నాళ్లు?’ అని. పక్కింటాయనకు నెలలో తగ్గిందని ఒక మాట కలుపుతారు కూడా. మంచం మీదున్న మనిషికి ఆ పోలిక పనికిరాదు. భయం పెరిగి, కాలు మోపడానికే జంకుతారు. లేదా పంతానికి పోయి ఎక్కువ నడిచేస్తారు. దానికి బదులు నిన్న ఎన్ని మెట్లు ఎక్కారో, ఇవాళ పొద్దున మోకాలు ఎలా ఉందో అడగండి. వాపు లేదంటే ఇవాళ ఇంకో రెండు మెట్లు. ఉందంటే ఐస్ పెట్టి, కాలు కింద దిండు వేసి, రేపు చూద్దాం అనండి.