ఇంటిలో వీణానాదమును పట్టి నిలుపుట

పెండ్లినాడు పుట్టింటినుండి వచ్చిన వీణ గవుసెనలోనే యుండి మూల చేరియున్న యిండ్లు మనలో ననేకములు. దానిని మీటిన చేయి సజీవముగా నున్నప్పుడే ఆ నాదమును పదిలపఱచుకొనవలెను. మద్రాసు జార్జిటౌనులో శుక్రవారపు సాయంకాలములయందు తన యింటనే వీణ వినిపించిన ధనమ్మాళ్ (1867-1938) ఎంతటి విదుషీమణియో సంగీతజ్ఞు లెఱుగుదురు. ఆమె వాద్యమున మనకు మిగిలినవి కొలది గ్రామఫోను పలకలు మాత్రమే. అప్పటి పలక యొక్క ప్రక్కకు మూడు నాలుగు నిమిషములకు మించి పట్టెడిది కాదు. నేడు ఆ యిబ్బంది లేదు. రెండు మైకులు, ఒక పికప్, వానిని కంప్యూటరుతో కలుపు చిన్న పెట్టె యున్న చాలును.

కొన్ని స్ఫటికములను నొక్కినచో విద్యుత్తు పుట్టునని ఫ్రాన్సుదేశమున క్యూరీ సోదరులు 1880లో కనుగొనిరి. వీణకు అంటించు పికప్ ఆ ధర్మముచేతనే పనిచేయును. దానిని గుర్రమునకు దగ్గఱగా కుండపలకపై నుంచుదురు. పాతవీణ యైనచో జిగురు వాడరాదు, మెఱుగు లేచిపోవును. మెత్తని మైనమే మేలు. ఇది గాలిలోని ధ్వనిని పట్టించుకొనదు, కొయ్య యదరునే గ్రహించును. వంటింటి కుక్కరు ఈల దానికి సోకనే సోకదు! సంసారుల యిండ్లలో నిది గొప్ప సుగుణమే. అయినను పికప్ నొక్కదానినే నమ్ముకొన్నచో తీగ వినబడును గాని పనసకొయ్య వినబడదు. కచేరీలలో వీణ కొన్నిమాఱులు గీరుగా వినవచ్చుటకు నిదియే ముఖ్యకారణమని నా తలంపు. ఒకే దుంగను తొలిచి చేసిన బొబ్బిలి యేకాండివీణ కుండలోని గుమికిని పట్టవలెనన్న మైకే శరణ్యము.

మొదటి మైకును కుండకు అడుగు దూరమున, కొంచెము పైనుండి, గుర్రమునకును మీటుచోటునకును నడుమ చూచునట్లు నిలుపవలెను. గోటికి సూటిగా పెట్టినచో మీటు చప్పుడే మిక్కుటమగును. రెండవది మెట్లవైపున, సొరకాయబుఱ్ఱ దిక్కుగా. ఎడమచేతి గమకములు దీనిలో చక్కగా దొరకును. వ్రేళ్లకు కొంచెము నూనె రాచుకొన్నచో తీగపై జాఱునప్పటి కీచు తగ్గును. వాద్యమునకు మైకు ఎంత దూరమో, మైకులు రెంటికి నడుమ దానికి మూడింతలైన నుండవలెను. వీణ పొడవైన వాద్యము గనుక మూడడుగుల యెడము సులభముగనే లభించును.

ఇక చిక్కంతయు మూడింటిని కలుపుటలో నున్నది. పికప్ ధ్వని తక్షణమే చేరును. మైకు ధ్వని అడుగు దూరము నడచి, సెకండులో వేయింట నించుమించు తొమ్మిది పదవవంతు ఆలస్యముగా వచ్చును. ఒక తరంగము పైకి లేచువేళ రెండవది క్రిందికి దిగినచో రెండును చెఱిపికొని నాదము బోలువడును. కావున మొదట కుండపై వ్రేలితో ఒక్కమాఱు తట్టవలెను. కంప్యూటరు తెరపై ఆ తట్టు మూడు వరుసలలోను శిఖరముగా కనబడును. పికప్ వరుసను వెనుకకు జరిపి, మైకు శిఖరముతో సరిపోల్చిన తీఱును. సెకండునకు 48,000 నమూనాల లెక్కన అడుగు దూరమునకు జరుపవలసినది సుమారు 43 నమూనాలు. అప్పటికిని మంద్రము పలుచగా నున్నచో పికప్ వరుసను తలక్రిందులు చేసి వినుడు. ఏది నిండుగా నున్న నదియే సరి. పెట్టెకు రెండే ద్వారము లున్నచో రెండవ మైకునే మానుకొనుట మేలు.

నున్నని రాతినేల గల హాలుకంటె పఱుపులు, బట్టలు నిండిన పడకగది మేలు. ఫంకాను, రిఫ్రిజిరేటరును ఆపవలెను. శ్రుతిపెట్టె వాయించువారి చెవిలో మాత్రమే మ్రోగవలెను. లేనిచో మైకులలో జొరబడి, మఱి విడదీయరాదు.

వాయించునది అత్తగారో అమ్మమ్మగారో యైనచో కృతి ముగియగానే యంత్రమును ఆపకుడు. తీగ సవరించుచు, “ఈ గాంధార మట్లు కాదమ్మా, ఇట్లు” అని ఆమె మరల మీటి చూపునది యే పుస్తకమునను దొరకదు. మూడు వరుసలను కలిపిన ప్రతితోబాటు విడివిడిగా కూడ దాచి, నకలు నొకదానిని వేఱొక యింట, అక్కచెల్లెండ్ర వద్ద నుంచుడు.