గట్టు మీద గుడిసెకు నోటీసు వస్తే...

రావులపాలెం అనగానే బయటివారికి అరటి గెలల మార్కెట్టు, గౌతమి మీది వంతెన గుర్తుకొస్తాయి. ఆ గెలలు నరికి, మోసి, లారీలకెత్తే కూలి మనిషి రాత్రికి ఎక్కడ తల దాచుకుంటాడని అడిగేవారు తక్కువ. లొల్ల లాకుల దగ్గర చీలి కోనసీమలోకి పారే కాలువల గట్ల మీద, పుంతల్లో, పోరంబోకుల్లో వున్న గుడిసెలెవరివి? డెల్టా భూములను పండించి, సెంటు స్థలానికి కూడా నోచుకోని వ్యవసాయ కార్మికులవి. గట్టు పటిష్ఠం చేయాలన్నా, రోడ్డు వెడల్పు చేయాలన్నా మొదట లేచిపోవలసింది వీరే!

కాలువ బాగుపడవద్దని ఏ కూలీ అనడు. నీరు పారితేనే అతనికి పని. కాని గట్టు మీదినుంచి లేపిన మనిషిని ఎక్కడ దింపుతారన్నదే ప్రశ్న. దీనికి జవాబు చెప్పకుండా పొక్లెయిను తేవడం అభివృద్ధి కాదు, దౌర్జన్యం.

అధికారులు చూపే చట్టం 1905 నాటి భూ ఆక్రమణల చట్టం. తెల్లదొరలు పోయినా అది పోలేదు. అయితే ఆ పాత చట్టం కూడా తెల్లారేసరికి ఇల్లు కూల్చమని చెప్పలేదు. 7వ సెక్షన్ కింద ముందు సంజాయిషీ నోటీసు ఇవ్వాలి. జవాబు విన్నాక, ఖాళీ చేయించాలనుకుంటే 6వ సెక్షన్ కింద సముచితమైన గడువుతో మరో నోటీసు ఇవ్వాలి. దాని మీద పై అధికారికి అప్పీలు చేసుకోవచ్చు.

మనవాళ్లు ఓడిపోతున్నది ఇక్కడే. "నోటీసు తీసుకుంటే ఒప్పుకున్నట్టేనండీ" అని ఎవరో అంటారు. తీసుకోరు. తీసుకోకపోతే తలుపుకు అంటించి పోతారు, అందినట్టే రాసుకుంటారు. గడువు దాటిపోతుంది. జవాబు లేదు గనుక ఉత్తర్వు వస్తుంది. గుడిసె పోయేది పొక్లెయిను వచ్చిన రోజున కాదు, జవాబివ్వని నోటీసు గడువు దాటిన రోజునే!

కనుక నోటీసు తీసుకోవాలి. అందిన తేదీ వేసుకోవాలి. ఇంటింటికీ విడిగా జవాబు రాయించి, ఆఫీసులో ఇచ్చి, ముట్టినట్టు స్టాంపు వేయించుకోవాలి. రేషన్ కార్డు, ఓటర్ల జాబితా, కరెంటు బిల్లు, ఇంటి పన్ను రశీదు, పిల్లల బడి సర్టిఫికెట్టు జతపరచాలి. శివాయిజమా కట్టిన బి-మెమో రశీదులుంటే బంగారంలా దాచుకోవాలి. ఇవి స్థలం మీద హక్కును రుజువు చేయవు. ఎన్నేళ్లుగా వుంటున్నామో రుజువు చేస్తాయి.

ఆ యేళ్ల లెక్కకు విలువ లేకపోలేదు. హైదరాబాదు హబ్సిగూడా భూముల గురించి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ తుమ్మల కృష్ణారావుకూ నడిచిన కేసులో 1982లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. చిరకాలంగా స్వాధీనంలో వుండి, హక్కు విషయంలో నిజమైన తగాదా వున్నప్పుడు, 1905 చట్టం కింద తహసీలుదారు తానే తేల్చి లేపేయడం కుదరదు, ప్రభుత్వం సివిల్ కోర్టుకు పోవాలన్నది. అయితే స్థలం సర్కారుదేనని ఒప్పుకున్నవారికి ఈ తీర్పు దానంతటదే రక్షణ కాదు. 2024 నవంబరులో కూల్చివేతలకు 15 రోజుల నోటీసు తప్పదన్న తీర్పు కూడా రోడ్లు, ఏటి వార, నీటివనరుల వార ఆక్రమణలకు వర్తించదని అందులోనే వుంది. లేని ధైర్యం చెప్పి జనాన్ని మోసగించడం మన పని కాదు.

కోర్టుకెళ్లాలన్నా చిక్కులున్నాయి. సర్కారు మీద దావా వేయాలంటే 2 నెలల ముందు నోటీసు ఇవ్వాలట! పేదవాడి గుడిసెకు లేని వ్యవధి ప్రభుత్వానికి కావాలి. అత్యవసరమైతే కోర్టు అనుమతితో ఆ నోటీసు లేకుండానే దావా వేయవచ్చునని సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షనే చెబుతుంది. అప్పీలు వేస్తే చాలదు, స్టే అడగాలి. వాయిదా తప్పి ఎక్స్‌పార్టీ డిక్రీ అయితే 30 రోజుల్లోగా రద్దు కోరాలి. ప్లీడరు ఫీజుకు జడవనక్కరలేదు. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం మహిళలకు, షెడ్యూల్డు కులాల, తెగలవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం హక్కు.

1985లో బొంబాయి పేవ్‌మెంటు వాసుల కేసులో, బతుకుతెరువు కూడా జీవించే హక్కులో భాగమేనని సుప్రీంకోర్టు అన్నది. కాని వారిని అక్కడే వుండనివ్వలేదు. వానాకాలం వెళ్లేదాకా, అక్టోబరు 31 వరకు గడువిచ్చింది, అంతే. కోర్టు గడువు ఇవ్వగలదు. ఇళ్ల స్థలం పోరాటమే ఇస్తుంది.

అందుచేత ప్రతి పేటలో సంఘం ఒక కాగితాల సంచీ పెట్టాలి. నోటీసు నకళ్లు, రశీదులు, వాయిదా తేదీలు అందులో వుండాలి. చదువుకున్న కుర్రవాడో పిల్లో ఒకరు దాని బాధ్యత తీసుకోవాలి. ఆ గడువు చేతిలో వుండగానే, ముందు స్థలం చూపండి, తరువాత గట్టు ఖాళీ చేయించండని అందరూ కలిసి తహసీలుదారు ఆఫీసు ముందు కూర్చోవాలి. కాగితం ఒక చేయి, కదలిక ఒక చేయి. రెండూ కలిస్తేనే చప్పుడు!