నీటి అడుగున తిరిగే మర

విహారానికి మోటారు పడవ కొనదలచినవారు అంగడికి వెళ్ళి మొట్టమొదట అడిగే ప్రశ్న, ఇంజను ఎన్ని హార్స్‌పవరు అన్నది. పిదప పడవ పొడవు, ఆసనాల మెత్తదనం, పైకప్పు రంగు చర్చకు వస్తాయి. వీటన్నిటికీ సార్థకత కల్పించే వస్తువొకటి వెనుక, నీటి అడుగున, ఎవరి కంటా పడకుండా ఉంటుంది. దానిని గురించి ఆరా తీసేవారు అరుదు. అమ్మేవాడు ఏది బిగించి ఇస్తే అదే ఆ పడవ జాతకం. ఇంజను పుట్టించే శక్తి యావత్తూ చిట్టచివరకు మూరెడైనా వెడల్పు లేని ఆ లోహపు రెక్కల ద్వారానే నీటికి చేరాలి. అక్కడ పొసగకపోతే పైన ఎంత ధర పోసినా ఫలితం దక్కదు.

ప్రొపెల్లర్ అన్న ఆంగ్లపదానికి ముందుకు నెట్టునది అని అర్థం. అదే వస్తువును ఆంగ్ల నావికులు స్క్రూ అని కూడా పిలుస్తారు. అనువాదం వృత్తిగా గలవాడిని గనుక నాకు ఈ రెండవ పేరు మీదనే మక్కువ. మన భాషలో మర అన్న చిన్న మాట స్క్రూ చుట్టుకూ చెల్లుతుంది, యంత్రానికీ చెల్లుతుంది. మరమేకులోనూ అదే, మరబొమ్మలోనూ అదే. మరపడవ అన్నప్పుడు మనం యంత్రాన్నే ఉద్దేశించినా, ఆ పడవను నిజంగా నడిపేది మొదటి అర్థంలోని మరే. ఈ సంగతి మనసున పెట్టుకుంటే ప్రొపెల్లర్ ఎంపికలోని సగం చిక్కు విడిపోతుంది.

ప్రొపెల్లర్ మీద సాధారణంగా రెండు అంకెలు చెక్కి ఉంటాయి. ఉదాహరణకు 13 × 19. మొదటిది వ్యాసం; రెక్కల కొనలు తిరిగేటప్పుడు గీసే వృత్తం అడ్డుకొలత, అంగుళాలలో. రెండవదానిని పిచ్ అంటారు. మరమేకును చెక్కలోకి ఒక పూర్తి చుట్టు తిప్పితే అది ఎంత లోతు దిగుతుందో చూడండి. అదే విధంగా, నీరు చెక్కవలె గట్టిపదార్థమై ఉంటే, ఒక్క చుట్టుకు ఈ మర ఎన్ని అంగుళాలు ముందుకు సాగుతుందో ఆ కొలతే పిచ్. కావున 19 అంటే చుట్టుకు 19 అంగుళాల ప్రయాణమని లెక్క.

ఇప్పుడు కొంచెం గణితం. ఇంజను నిమిషానికి 5,500 చుట్లు తిరుగుతున్నదనుకుందాం. గేరు వల్ల ప్రొపెల్లర్ అందులో సగం, అంటే 2,750 చుట్లు తిరుగుతుంది. చుట్టుకు 19 అంగుళాల వంతున లెక్కిస్తే గంటకు దాదాపు 49 మైళ్ళు, సుమారు 80 కిలోమీటర్ల వేగం రావాలి. కాని నీరు చెక్క కాదు. రెక్క తోసినప్పుడు అది వెనక్కు తప్పుకుంటుంది. అందువల్ల నిజంగా వచ్చే వేగం ఇంతకన్న తక్కువ. ఆ తరుగునే స్లిప్ అంటారు. నీటిపై తేలి పరుగెత్తే చిన్న విహారపు పడవలలో ఇది మామూలుగా 10 నుండి 20 శాతం దాకా ఉంటుంది. పై ఉదాహరణలో 15 శాతం తీసివేస్తే మిగిలేది గంటకు 68 కిలోమీటర్లు.

స్లిప్‌ను జారుడు అని అనువదిస్తే అదొక లోపమన్న భావం కలుగుతుంది. అది సరికాదు. నీరు వెనక్కు పోవడం వల్లనే పడవ ముందుకు పోతున్నది. చర్యకు ప్రతిచర్య అన్న న్యూటన్ సూత్రమే ఇక్కడా పని చేస్తున్నది. నీరు బొత్తిగా జారకపోతే తోపుడూ లేదు. అయితే జారుడు హద్దు మీరితే మాత్రం రెక్కలు వంగాయనో, బరువు మితిమీరిందనో, ఆ పడవకు ఆ మర తగదనో గ్రహించాలి.

ఇక అసలు భ్రమకు వద్దాం. పిచ్ ఎక్కువైతే చుట్టుకు ఎక్కువ దూరం గదా, కావున వేగమూ ఎక్కువే అని చాలామంది తలుస్తారు. ఘాట్ రోడ్డు మీద నిండా జనంతో ఉన్న కారును టాప్ గేరులో ఎక్కించబోయినవారికి ఈ వాదంలోని లొసుగు తెలుసు. పిండి కొద్దీ రొట్టె. ఇంజనుకు మోయగల శక్తి ఉంటేనే పెద్ద పిచ్ పెద్ద వేగమవుతుంది. లేనినాడు ఇంజను తన చుట్లకు చేరుకోలేక, పూర్తి థ్రాటిల్ మీద మూలుగుతూ వేడెక్కుతుంది. మసి పేరుకుంటుంది, పిస్టన్ల మీద ఒత్తిడి పెరుగుతుంది, ఆయుష్షు తరుగుతుంది. పిచ్ మరీ తక్కువైతే దీనికి విరుద్ధం: ఇంజను హద్దు దాటి తిరుగుతుంది, పడవ మాత్రం ఆ మేరకు కదలదు.

ఈ రెంటి నడుమ తగిన చోటును కనిపెట్టడానికి జోస్యం అక్కరలేదు. ప్రతి ఇంజనుకూ, పూర్తి థ్రాటిల్ మీద నిమిషానికి ఎన్ని చుట్ల మధ్య తిరగాలో తయారీదారు పుస్తకంలో ముద్రించే ఇస్తాడు. అది 5,000 నుండి 6,000 వరకు అని ఉందనుకోండి. పడవలో మీరు నిత్యం తీసుకువెళ్ళే మనుషులను, సామానును, నిండు ఇంధనాన్ని ఎక్కించి, అలలు లేని నీటిలో, ఎదుట అడ్డు లేని చోట పూర్తి వేగంతో నడిపి టాకోమీటరు చూడండి. ముల్లు 4,800 దగ్గరే ఆగిపోతే ఆ మర ఆ పడవకు బరువైనదన్నమాట. పిచ్‌ను ఒక అంగుళం తగ్గిస్తే సుమారు 150 నుండి 200 చుట్లు పెరుగుతాయన్నది అనుభవజ్ఞులు పాటించే లెక్క. రెండు అంగుళాలు తగ్గిస్తే ముల్లు 5,100 దాటుతుంది. ఆ పిదప ఒక్కరే కూర్చుని, ఖాళీ పడవతో మళ్ళీ పరీక్షించి, 6,000 మించడం లేదని రూఢి చేసుకోవాలి. వేగాన్ని నేడు జేబులోని ఫోనే చెబుతుంది. నదిలో అయితే వాలుకు ఒకసారి, ఎదురుకు ఒకసారి నడిపి సగటు తీయడం న్యాయం.

పరీక్షకు ముందు పడవ అడుగున నాచు పట్టిందేమో, లోపల నీరు నిలిచిందేమో, రెక్క అంచు వంగిందేమో చూడడం మరువరాదు. రోగమొక చోట ఉండగా మందు మరొక చోట రాయకూడదు గదా. ప్రదేశమూ గమనించదగినదే. ఎత్తు పెరిగినకొద్దీ గాలి పలుచనై, సాధారణ ఇంజను ప్రతి 300 మీటర్లకూ సుమారు 3 శాతం శక్తిని కోల్పోతుంది. సముద్రమట్టానికి దాదాపు 1,580 మీటర్ల ఎత్తున ఉన్న శ్రీనగర్ దాల్ సరస్సులో ఈ తరుగు 15 శాతం దాకా ఉంటుంది. విశాఖ తీరాన చక్కగా ఒదిగిన మర అక్కడ బరువు కావచ్చు.

రెక్కల సంఖ్యను గురించి కూడా ఒక మాట. మూడు రెక్కలది సర్వసాధారణం, పైవేగానికి అనుకూలం. నాలుగు రెక్కలది నీటిని గట్టిగా పట్టుకుంటుంది, తక్కువ వేగంలోనూ పడవను నీటిపై తేల్చి ఉంచుతుంది, అదురు తగ్గిస్తుంది. బదులుగా పైవేగంలో కొద్దిపాటి కోత వేస్తుంది. జనాన్ని ఎక్కించుకొని తిరిగేవారికి ఈ బేరం నష్టమేమీ కాదు.

లోహం విషయంలో గర్వానికి తావివ్వరాదు. స్టెయిన్‌లెస్ స్టీలు రెక్క పలుచగా, దృఢంగా ఉండి నీటిని చక్కగా కోస్తుంది. ధర మాత్రం అల్యూమినియం కన్న కొన్ని రెట్లు. కాని రాయి తగిలినప్పుడు అల్యూమినియం తాను వంగి లోపలి గేర్లను కాచే అవకాశం ఎక్కువ. స్టీలు వంగదు, ఆ దెబ్బ లోపలికి పోవచ్చు. దీనికి విరుగుడుగా నడిమి బొడ్డులో రబ్బరు బుష్ ఉంచుతారు. గట్టి దెబ్బకు అది జారి గేర్లను రక్షిస్తుంది. అయినా అడుగున ఏమున్నదో తెలియని మన నదులలో, చెరువులలో కొత్తవారికి అల్యూమినియమే క్షేమం.

ఈ మర చరిత్రలో వినోదమూ ఉంది, పాఠమూ ఉంది. 1836లో పేటెంటు పొందిన ఫ్రాన్సిస్ పెటిట్ స్మిత్ అనే ఆంగ్లేయుడు ఇంజనీరు కాడు, వ్యవసాయదారుడు. 1837లో లండన్‌లోని ఒక కాలువలో ఆయన పడవను నడుపుతుండగా రెండు చుట్లుగల కొయ్య మర దెబ్బతిని, ఒక్క చుట్టు మాత్రమే మిగిలింది. పడవ ఆగిపోలేదు సరిగదా, ఇంకా వేగంగా సాగింది. ఎక్కువ మర ఎక్కువ మేలు కాదని నీరే ఆయనకు చెప్పింది. మరి అర్ధశతాబ్ది గడిచాక, 1894లో చార్లెస్ పార్సన్స్ నిర్మించిన టర్బీనియా అనే నౌక శక్తివంతమైన ఆవిరి టర్బైను ఉండి కూడా ఆశించిన వేగం అందుకోలేకపోయింది. రెక్కల వెనుక ఒత్తిడి పడిపోయి, నీరు చల్లగా ఉండగానే మరిగి బుడగలై, పట్టు తప్పిపోతున్నదని తేలింది. దీనినే కావిటేషన్ అంటారు. పార్సన్స్ ఒక్క మరకు బదులు మూడు ఇరుసులకు మూడేసి మరలు అమర్చాడు. 1897లో విక్టోరియా రాణి వజ్రోత్సవపు నౌకాప్రదర్శనలో టర్బీనియా అందరినీ దాటి పరుగెత్తింది. ఇంజను మారలేదా అంటే మారింది. కాని శక్తి నీటికి చేరే మార్గం మారకుండా ఆ ఇంజను ఒక్కటే గెలవజాలదు.

ఈ కావిటేషన్‌ను వేరొక లక్షణంతో కలగలుపుతుంటారు. పడవ చురుకుగా మలుపు తిరిగినప్పుడు పైనుండి గాలి రెక్కలలోకి దూరి, ఇంజను ఒక్కసారిగా గిర్రున తిరుగుతుంది. ఇది మరగడం కాదు, గాలి మింగడం. వెంటిలేషన్ అని దాని అసలు పేరు. దానిని ఆపే పలకకు మాత్రం ఆంటీ కావిటేషన్ ప్లేట్ అన్న తప్పు పేరే వాడుకలో స్థిరపడింది. భేదం తెలిసి ఉండడం మేలు. బుడగలు పగిలి రెక్కల మీద గుంటలు పడితే రెక్కను చూపించాలి. గాలి మింగుతుంటే ఇంజను ఎత్తును, వంపును సరిచేయాలి.

ఇంతవరకు డబ్బు, వేగం. ఇక ప్రాణం. నిమిషానికి 2,750 చుట్లు తిరిగే మూడు రెక్కల మర ఒక్క సెకనులో ఒకే చోటును 137 సార్లు కోస్తుంది. ఇంజను నెమ్మదిగా, నిమిషానికి 700 చుట్లు మాత్రమే తిరుగుతున్నా సెకనుకు 17 కోతలు తప్పవు. ఈదేవారు పడవ ఎక్కుతున్నప్పుడు న్యూట్రల్ చాలదు, ఇంజను ఆపివేయాలి. నడిపేవాడు నీటిలో పడితే ఇంజనును ఆపే తాడును ఒంటికి తగిలించుకోవాలి. అమెరికాలో 26 అడుగుల లోపు విహారపు పడవలకు ఇది 2021 ఏప్రిల్ నుండి చట్టం. రెక్కలకు గుర్రపుడెక్కో, వల తాడో చుట్టుకుంటే తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాకనే చేయి చాపాలి. అదనంగా ఒక ప్రొపెల్లర్, దాని నట్టు, పిన్ను, స్పానరు పడవలో ఉంటే నడి నీటిలో చీకటి పడదు.

అంగడిలో మాటలకు కొదువ ఉండదు. ఓడ ఎక్కేదాకా ఓడ మల్లయ్య, ఓడ దిగాక బోడి మల్లయ్య అన్న సామెత ఎరిగినవారు కొనకముందే ఒక షరతు పెట్టాలి: నిండు బరువుతో నీటి మీద పరీక్షించాకనే సొమ్ము, చుట్లు చాలకపోతే ప్రొపెల్లర్ మార్చి ఇవ్వాలి అని. ఖాళీ పడవ, ఎండ కాసే ఉదయం, నిలిచిన నీరు – ఆనాడు ఏ మరైనా బాగానే తిరుగుతుంది. ఎంపిక చేయవలసింది ఆ ఉదయానికి కాదు. భార్యాపిల్లలు, వచ్చిన చుట్టాలు అందరూ కూర్చుని ఉండగా, గాలి లేచి, ఎదురు ప్రవాహంలో తీరం చేరవలసిన సాయంకాలం ఒకటి వస్తుంది. ఆ సాయంకాలానికి పనికివచ్చే మరను ఎన్నుకోండి. పైవేగంలో తగ్గే నాలుగు కిలోమీటర్లను గురించి ఒడ్డున ఎదురుచూసేవారెవరూ అడగరు.