చీమలకు మందు పట్టించిన బ్యాంకరు

చక్కెర డబ్బా మూత కాస్త వదులుగా ఉంటే చాలు... తెల్లారేసరికి వంటింటి గట్టు మీద చీమల బారు! పసుపు చల్లుతాం, చాక్‌పీసుతో గీత గీస్తాం. ఎలాగోలా బయటికి తరిమేదాకా ఊరుకోం. అలాంటిది, ఏరికోరి చీమల్ని ఇంటికి తెచ్చుకుని, ఒకటి కాదు రెండు కాదు... పదుల కొద్దీ పుట్టల్ని గదిలో పెట్టుకుని పెంచాడో పెద్దమనిషి. పోనీ పనీపాటా లేనివాడా అంటే అదీ కాదు. బ్యాంకు యజమాని, బ్రిటన్ పార్లమెంటు సభ్యుడు కూడా!

ఆయనే సర్ జాన్ లబ్బాక్. 1871లో బ్రిటన్‌లో 'బ్యాంకు సెలవుల' చట్టం తెచ్చింది ఆయనే. లండన్‌కి దగ్గర్లో, కెంట్‌లోని హై ఎల్మ్స్ ఆయన ఇల్లు. ఆయనకు ఎనిమిదేళ్లున్నప్పుడు పక్క ఊళ్లోకి ఓ కొత్త కుటుంబం వచ్చింది. ఆ ఇంటి పెద్ద ఛార్లెస్ డార్విన్. పురుగుల మీద ఆ పిల్లాడికున్న ఇష్టానికి నీళ్లు పోసింది డార్వినే. చిన్నవయసులోనే చదువు ఆపి తండ్రి బ్యాంకులో చేరినా, ఆ ఇష్టం మాత్రం పోలేదు.

లబ్బాక్ పుట్టలు చూడ్డానికి చాలా మామూలుగా ఉండేవి. పది అంగుళాల కిటికీ అద్దాలు రెండు. మధ్యలో చీమ కదలడానికి సరిపడా సందు. అంచుల్లో చెక్క ముక్కలు, లోపల మెత్తని మట్టి... అంతే! వెలుతురంటే చీమలకు పడదు కాబట్టి పైన ఓ మూత. మూత తీస్తే లోపలి దారులు, గుడ్లు, పిల్లలు, రాణి అన్నీ కళ్లముందే. ఇలాంటి పుట్టల్ని ఓ స్తంభానికి అరలు అరలుగా అమర్చి, కింద చుట్టూ నీళ్ల కందకం పెట్టాడు. పారిపోయే వీల్లేదు.

ఒక్క పుట్ట చాలదా, ఇన్నెందుకు? అసలు సంగతి అక్కడే ఉంది. ఒకే పుట్టను చూస్తుంటే మనకి తోచిన కథలల్లేస్తాం... చీమలు తెలివైనవనీ, ఒకదానికొకటి ప్రాణమిస్తాయనీ. రెండు పుట్టల్ని పక్కపక్కన పెట్టి ఒకే పరీక్ష పెడితేనే నిజమేదో తేలుతుంది.

లబ్బాక్‌ని అన్నిటికన్నా వేధించిన ప్రశ్న ఒకటుంది. తన పుట్ట చీమని పక్క పుట్టలో వేస్తే, అది అదే జాతిదైనా సరే, మీదపడి కరుస్తాయి. ఒకే పుట్టని రెండుగా విడదీసి, ఏడాది తొమ్మిది నెలల తర్వాత కలిపితే మాత్రం ఏ గొడవా లేకుండా కలిసిపోయాయి! వేల చీమల్లో 'ఇది మనది' అని ఎలా తెలుస్తోంది? సైనికుల్లా ఏదైనా రహస్య సంకేతం చెప్పుకుంటున్నాయా?

సంకేతమే అయితే స్పృహలేని చీమ దాన్ని చెప్పలేదు కదా! అందుకని ముందు క్లోరోఫాం ఇచ్చి చూశాడు. పని జరగలేదు. మత్తులో పడినవాటిని చచ్చినవే అనుకున్నాయో ఏమో... తమవాళ్లనీ పరాయివాళ్లనీ తేడా లేకుండా చాలావరకు నీళ్లలో పారేశాయి. సరే, మత్తు మోతాదు తగ్గించాలి. అప్పుడు తట్టింది మద్యం! కావాలని ఏ చీమా తాగదు కాబట్టి, వాటిని కొద్ది క్షణాలు మద్యంలో ముంచి తీశాడు. తేడా తెలియడానికి రంగు చుక్కలు పెట్టాడు. తేనె తాగుతున్న చీమల దగ్గర ఈ తాగుబోతుల్ని వదిలాడు.

తేనె తాగే చీమలు కాసేపు కంగారు పడ్డాయి. తర్వాత ఒక్కొక్కదాన్నీ నోట కరచుకుని బయల్దేరాయి. తమ పుట్టవాటిలో ఎక్కువభాగం ఇంటికి చేరాయి. పరాయి పుట్టవాటిలో ఎక్కువభాగం నీళ్లలో పడ్డాయి! ఒళ్లు తెలియని స్థితిలో ఏ చీమా సంకేతం చెప్పలేదు. కాబట్టి గుర్తు నోటిమాటలో లేదు, ఒంటిమీదే ఉండాలి.

అది వాసన అని ఇప్పుడు తెలుసు. చీమ ఒంటిమీద మైనంలాంటి సన్నని పూత ఉంటుంది. అందులోని హైడ్రోకార్బన్ల పాళ్లు పుట్టపుట్టకీ మారతాయి. మీసాలతో తడిమి చూసి, తమ పుట్ట వాసనతో సరిపోతే రానిస్తాయి. లేదంటే కయ్యమే.

మరి వాటి మంచితనం? అక్కడా ఆయనకి తేలిగ్గా జవాబు దొరకలేదు. ఆపదలో ఉన్న తోటి చీమని పట్టించుకోకుండా పక్కనుంచి వెళ్లిపోయినవే ఎక్కువ. ఓసారి మాత్రం, పుట్టుకతోనే మీసాల్లేని ఓ చీమ వేరే జాతివాటి చేతిలో దెబ్బలు తిని పడి ఉంది. దాని పుట్ట చీమే ఒకటి వచ్చి, కాసేపు పరీక్షగా చూసి, జాగ్రత్తగా ఎత్తుకుని ఇంటికి తీసుకెళ్లింది. చీమలన్నీ దయగలవని గానీ, దయలేనివని గానీ ఒక్క మాటలో తేల్చేయకుండా, చూసింది చూసినట్టు రెండూ రాశాడు లబ్బాక్. 1882లో వచ్చిన ఆయన పుస్తకానికి ఇప్పటికీ విలువ ఉన్నది అందుకే.

ఓపిక మాటకొస్తే... చీమ ఏడాదికి మించి బతకదని అప్పట్లో అనుకునేవారు. 1874లో లబ్బాక్ ఇంటికొచ్చిన ఓ రాణి 1888 దాకా ఉంది! తర్వాతి కాలంలో జర్మనీలో పెంపకంలో ఉన్న ఓ నల్లచీమ రాణి ఏకంగా 28 ఏళ్లు దాటి బతికింది.

ఈ సరదా ఇప్పుడు చాలా దేశాల్లో ఉంది. అద్దాల పలకల బదులు పరీక్షనాళిక వచ్చింది. అడుగున కొన్ని నీళ్లు, దూదితో బిరడా, మూతికి మరో దూది. మన దగ్గరైతే వానలు పడ్డాక, జతకట్టి రెక్కలు రాల్చుకున్న గండుచీమ రాణి నేలమీద ఒంటరిగా తిరుగుతూ కనిపిస్తుంది. (దీపాల చుట్టూ మూగే ఉసిళ్లు వేరు, అవి చెదలు.) ఆ రాణిని నాళికలో చేర్చి చీకట్లో పెడితే తొలి కూలిచీమలు వచ్చేదాకా తిండి కూడా అడగదు. రెక్కల్ని ఆడించిన కండరాలు కరిగి ఆ తిండి సమకూరుస్తాయి. పుట్టను తవ్వి రాణిని తీయాల్సిన పనేలేదు.

ఒకటి కాదు, రెండు మూడు నాళికలు పెట్టాలి. ఒక రాణి గుడ్లు పెట్టకపోవచ్చు, మరొకటి తన గుడ్లని తానే తినేయొచ్చు. ఏ రోజు గుడ్లు కనిపించాయి, తొలి చీమ ఎప్పుడు బయటికొచ్చింది... తేదీలతో రాసుకుంటూ పోవాలి. ఒకదానికి చోటు మారిస్తే తిండి మార్చకూడదు, తిండి మారిస్తే చోటు మార్చకూడదు. రెండూ ఒకేసారి మారిస్తే తేడా దేనివల్లో చెప్పలేం. ఎంత సరదాగా అనిపించినా రెండు కుటుంబాల్ని ఒకచోట కలపకూడదు, వేరే ప్రాంతం చీమల్ని మన పెరట్లో వదలకూడదు.

ఇదంతా మనవల్ల కాదనుకుంటే, పిల్లలతో కలిసి పెరట్లోనే మొదలుపెట్టొచ్చు. ఒకేలాంటి చీమల పుట్టలు రెండు వెతికి, వాటికి సమానదూరంలో ఓ బెల్లం ముక్క పెట్టండి. రెండు బారులూ ఎదురుపడ్డచోట ఏం జరుగుతుందో కాసేపు కూర్చుని చూడండి. చాక్‌పీసు గీత సంగతి తర్వాత!